ఏఈఈ సివిల్: అందరూ చివరికి వదిలేసే డ్యూరబిలిటీ చాప్టర్ నాకెలా కలిసొచ్చింది

ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) పోస్టుల ఎంపిక జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు కనిపించినప్పటి నుంచి మిత్రులు అడుగుతున్నది ఒక్కటే: సివిల్ పేపరు ఎలా చదివావు? స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, సాయిల్ మెకానిక్స్ గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందరూ చదివినట్టే చదివాను, పాత పేపర్లు అట్టలు ఊడేదాకా చేశాను. కాంక్రీటు మన్నిక విషయంలో మాత్రం నా దారి వేరు. అందరూ ఆఖరి వారంలో ఒక పూట కేటాయించే ఆ చాప్టర్‌ను నేను ముందే పట్టుకుని, అర్థమయ్యేదాకా వదల్లేదు.

మామూలుగా దీన్ని ఎలా చదువుతామో మీకు తెలుసు. కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం (కోడు) ఐఎస్ 456 తీసి, చుట్టూ ఉన్న వాతావరణం ఎంత కఠినమో చెప్పే వర్గాల వారీగా మైల్డ్‌కు 20, మోడరేట్‌కు 30, సివియర్‌కు 45, వెరీ సివియర్‌కు 50, ఎక్స్‌ట్రీమ్‌కు 75 మిల్లీమీటర్ల కవర్ (చువ్వ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం) అని వల్లె వేస్తాం. పక్కనే కాంక్రీటు బలాన్ని చెప్పే కనీస గ్రేడు ఎం20 నుంచి ఎం40 వరకు. అక్కడితో పని అయిపోయిందనుకుంటాం. సముద్రపు నీటిలో పూర్తిగా మునిగి ఉన్న కాంక్రీటు ఏ కోవలోకి వస్తుందని అడిగితే చాలామంది చేయి ఎక్స్‌ట్రీమ్ మీదకు పోతుంది. సమాధానం సివియర్. ఉప్పునీటి తుంపర్లు పడే చోటు వెరీ సివియర్, ఆటుపోట్లు తాకే చోటు ఎక్స్‌ట్రీమ్. పూర్తిగా నీళ్లలో ఉన్నదాని కంటే తడిసి ఆరేదానికి ఎక్కువ ప్రమాదం ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఆ పట్టికను బట్టీ పట్టాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. ఆనోడ్ దగ్గర ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది, కాథోడ్ దగ్గర ఆక్సిజన్, నీరు కలిసి ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటాయి. సముద్రం అడుగున నీటికి కొరత లేదు, ఆక్సిజనే సరిగా అందదు. ఆటుపోట్ల దగ్గర రెండూ దండిగా దొరుకుతాయి. పైగా నీరు ఆరిన ప్రతిసారీ ఉప్పు లోపలే మిగిలిపోయి పేరుకుపోతుంది.

ఇది నాకు పుస్తకంలో కంటే మా ఇంట్లోనే బాగా తెలిసింది. మాది కాకినాడ. పెరటివైపు సన్‌షేడ్ అడుగున పెచ్చులు ఊడుతున్నాయని నాన్న మేస్త్రీని పిలిపించారు. అతను సుత్తితో తట్టగానే అరచేయంత పెచ్చు ఊడిపడింది. లోపలి చువ్వ మీద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది, గోటితో గీరితే రాలిపోతోంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుందని ఎన్నిసార్లు చదివానో. లాగుడును తట్టుకునే బలం కాంక్రీటుకు తక్కువ కాబట్టి లోపలి నుంచి ఉబ్బే ఆ ఒత్తిడికి చువ్వ వెంబడి పగులుతుంది, ఆ తర్వాత పెచ్చుగా ఊడుతుంది. పగులు కనిపించేసరికే లోపల చాలా జరిగిపోయి ఉంటుందన్నమాట.

చెల్లెలు కెమిస్ట్రీ ల్యాబు నుంచి అడిగి తెచ్చిన ఫినాల్ఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ద్రావణం) కొంచెం ఇంట్లో ఉంది. అప్పుడే పగిలిన ముఖం మీద చుక్కలు వేశాను. ఇంటికి రంగు వేయించమంటే ఇదేం రంగురా అని నాన్న విసుక్కున్నారు. పై అంచున బొటనవేలి మందాన రంగేమీ రాలేదు, దాని లోపల ముదురు గులాబీ రంగు వచ్చింది. రంగు రాని మేర కార్బొనేషన్ జరిగిందని లెక్క. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా వెళ్లి కాల్షియం హైడ్రాక్సైడ్‌ను కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. 12.5 పైన ఉండాల్సిన పీహెచ్ (క్షారగుణపు కొలత) 9 కంటే కిందికి పడిపోతుంది. చువ్వను కాపాడే పల్చని ఆక్సైడ్ పొర అక్కడ నిలవదు.

నన్ను ఆపింది ఆ తర్వాతి సంగతి. గులాబీ రంగు వచ్చిన భాగంలో ఉన్న ఒక చువ్వకు కూడా అక్కడక్కడా గుంటలు పడ్డాయి. పీహెచ్ బాగానే ఉంది, మరి తుప్పు ఎందుకు? నాన్నను అడిగితే తేలింది: ఇల్లు కట్టినప్పుడు బోరునీళ్లు ఉప్పగా ఉండేవట, కాంక్రీటు కలిపిందీ తడిపిందీ వాటితోనేనట. పైన ఎలాగూ సముద్రపు గాలి ఉంది. ఉప్పులోని క్లోరైడ్లకు పీహెచ్ పడిపోయేదాకా ఆగే అవసరం లేదు. అవి ఆ రక్షణ పొరను ఒక్కో చోట ఛేదించి అక్కడే లోతుగా తొలుస్తాయి. ఆర్‌సీసీలో (చువ్వలు వేసిన కాంక్రీటులో) క్లోరైడు ఘనమీటరుకు 0.6 కిలోలు మించకూడదని ఐఎస్ 456 ఎందుకు అంటుందో ఆ రోజు నుంచి మళ్లీ గుర్తు చేసుకోవాల్సిన అవసరం రాలేదు. కార్బొనేషన్‌తో చువ్వ పొడవునా తుప్పు, క్లోరైడుతో గుంటలు. ఈ తేడా మీద ఎన్ని రకాల ప్రశ్నలైనా అల్లవచ్చు.

లెక్కల ప్రశ్నకు కూడా ఇదే మూలం. కార్బొనేషన్ లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. 20 ఏళ్లలో 20 మి.మీ. లోపలికి వెళ్లిందనుకోండి, 30 మి.మీ. చేరడానికి 45 ఏళ్లు పడుతుంది. చువ్వను అంచు నుంచి ఎడంగా ఉంచే చిన్న దిమ్మ, అంటే కవర్ బ్లాకు పెట్టకుండా చువ్వను 10 మి.మీ. దగ్గర వదిలేస్తే 5 ఏళ్లకే చేరిపోతుంది. రెండు సెంటీమీటర్ల తేడాకు 40 ఏళ్ల ఆయుష్షు! సైటులో పనిచేసిన రోజుల్లో కవర్ బ్లాకుల గురించి నేను చేసిన గొడవ చాదస్తం కాదని ఇప్పుడైనా మా పాత సెంట్రింగ్ బృందం ఒప్పుకోవాలి.

ఉక్కు కట్టడాలకు తమిళనాడులో రామేశ్వరం దారిలో సముద్రం మీద ఉన్న పాంబన్‌ను గుర్తుపెట్టుకోండి. 1914లో ప్రారంభమైన పాత రైలు వంతెన ఉప్పుగాలిలో వందేళ్లు దాటి నిలిచింది, తుప్పు కారణంగా 2022 డిసెంబరులో దాని మీద రైళ్లు ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త వంతెనలో స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు వాడారు. పాత వంతెన ఉక్కు కంటికి కనిపించేది కాబట్టి గీకి రంగు వేస్తూ నెట్టుకొచ్చారు. 1967లో ఇటలీలోని జెనోవాలో ప్రారంభించిన మొరాండీ వంతెన స్టే కేబుళ్లను (వంతెనను పైనుంచి పట్టి ఉంచే తీగల కట్టలను) కాంక్రీటులో కప్పేశారు. లోపల తీగలు తుప్పు తింటున్నా చూసే వీలు సరిగా లేదు. 2018 ఆగస్టు 14న కూలి 43 మంది పోయారు.

ఇక మంచు. మన దగ్గర మంచెక్కడిదని ఈ భాగాన్ని కొట్టేసేవాళ్లే ఎక్కువ. కోడు దేశానికంతటికీ రాసింది, ప్రశ్నపత్రం తయారుచేసేవారి చేతిలో ఉన్నదీ అదే కోడు. నీరు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. అందుకే రంధ్రం సుమారు 91.7 శాతం నిండేదాకా ముప్పు తక్కువ, అది దాటితే పెరిగిన మంచుకు చోటు చాలదు. గడ్డకట్టని నీటిని అది బయటికి తోస్తుంది, ఆ ఒత్తిడి రంధ్రాల గోడలను చీలుస్తుంది. ఒక్క రాత్రికి ఏమీ కాదు. గడ్డకట్టడం, కరగడం ఏళ్ల తరబడి సాగితే కాంక్రీటు గుల్లబారుతుంది. దీనికి మందు, కాంక్రీటులో కావాలని గాలి బుడగలు చేర్చే ఎయిర్ ఎంట్రైన్‌మెంట్. అతి చిన్న గాలి బుడగలు సుమారు 0.2 మి.మీ. దూరాన ఒకటి ఉంటే తోసుకొచ్చిన నీరు వాటిలో తలదాచుకుంటుంది. ఎం50 కంటే తక్కువ గ్రేడుకు 20 మి.మీ. కంకరైతే గాలి 5 శాతం, 40 మి.మీ. అయితే 4 శాతం, ఎటైనా ఒక శాతం తేడాతో. ఒక్కో శాతం గాలికి బలం సుమారు 5 శాతం తగ్గుతుంది కాబట్టి ఎక్కువైతే మంచిదేమీ కాదు. వైబ్రేటర్ సరిగా వేయక చిక్కుకుపోయిన గాలిని దీనితో కలపకండి, ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

కెనడాలోని లవాల్‌లో 1970లో కట్టిన కాంకోర్డ్ ఓవర్‌పాస్ 2006 సెప్టెంబరు 30న కూలింది, ఐదుగురు చనిపోయారు. సెప్టెంబరులో అక్కడ గడ్డకట్టే చలి లేదు. కొన్ని చువ్వలు ఉండాల్సిన చోట లేకపోవడం, మంచుకు తట్టుకోలేని నాసి కాంక్రీటు, రోడ్డు మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు, అన్నీ కలిసి దశాబ్దాల చలికాలాల్లో లోపలి పగులును పెంచాయి. ఆ ఉప్పులోనూ ఉన్నది క్లోరైడే. చలి పైపొరను పొట్టులా లేపి క్లోరైడుకు దారి తెరుస్తుంది. తుప్పునూ మంచునూ రెండు అధ్యాయాలుగా చదివితే ఈ సంబంధం కనిపించదు. రెండూ రంధ్రాల్లో చేరే నీటి కథలే. కలిపే నీళ్లు ఎక్కువైతే రంధ్రాలూ ఎక్కువే, అందుకే పట్టికలో మైల్డ్ నుంచి ఎక్స్‌ట్రీమ్‌కు వెళ్లేకొద్దీ నీళ్లు–సిమెంటు నిష్పత్తి 0.55 నుంచి 0.40 దాకా బిగుస్తూ పోతుంది.

ఇంత చిన్న చాప్టర్‌కు అన్ని రోజులా అని స్నేహితులు నవ్వారు. ఉద్యోగం మానేసి సన్‌షేడ్ మీద రంగు చుక్కలు వేస్తున్నాడని బంధువులూ అన్నారు. నేను పట్టించుకోలేదు, పట్టించుకోనందుకు ఇప్పుడు బాధా లేదు. ఉదయం నాలుగింటికి లేచి ఫోను చూస్తూ కూర్చునేవారి కంటే ఏడింటికి లేచి ఒక్క క్లాజును చివరిదాకా చదివినవారు ముందుంటారు. ఇది కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు, అయినా అంటాను. రోజుకో కొత్త టెస్ట్ సిరీస్ కొనడం చదువు కాదు.

పరీక్షకు ముందు రోజు దీనికి గంట చాలు. హాఫ్‌సెల్ పొటెన్షియల్ (లోపలి చువ్వ తుప్పు పడుతోందో లేదో వోల్టేజీతో అంచనా వేసే పరీక్ష) మాత్రం ఒకసారి చూసుకోండి: కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే ఇంకా మైనస్‌లోకి పోతే తుప్పు జరుగుతుండే అవకాశం 90 శాతం పైన, మైనస్ 200 కంటే పైన ఉంటే జరగకపోయే అవకాశం 90 శాతం పైన. ఎంత వేగంగా తుప్పు పడుతోందో అది చెప్పదు. ఆప్షన్‌లో వేగం అని ఉంటే కొట్టేయండి. ఇక నా నోట్సు ఫొటోలు పంపమంటున్నవారికి: పంపను. దానిలో ఉన్నది కోడులో ఉన్నదే, మిగిలినవి మా ఇంటి సన్‌షేడ్ బొమ్మలు. మన్నిక గురించిన 8వ క్లాజు కొద్ది పేజీలే. ఈ రాత్రికే తెరవండి, 26వ క్లాజులోని 16వ పట్టిక కింద సన్న అక్షరాల్లో ఉన్న నోట్లు కూడా చదవండి. మైల్డ్‌లో 12 మి.మీ. వరకు చువ్వలకు కవర్ 5 మి.మీ. తగ్గించవచ్చన్నది అక్కడే ఉంటుంది.