వంశధార ఇసుకలో బీకన్ ప్రాక్టీసు: ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా

గుణుపురంలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా ఊళ్లో మంచు అంటే పుష్యమాసంలో పొద్దున్నే వంశధార మీద పట్టే పొగమంచే. అలాంటిది ఉత్తరాఖండ్‌లోని ఔలీలో పద్నాలుగు రోజుల స్కీయింగ్ కోర్సు చేసినప్పటి నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. తర్వాత రెండు చలికాలాలు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్లాను. రెండోసారి మా బావమరిది కూడా వచ్చాడు. నాది స్కీ, వాడిది స్నోబోర్డు.

గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో ఫేజ్ ఎక్కి అఫర్వత్ కొండ పైన దిగితే, కింద గిన్నెలా కనిపించే ప్రధాన బౌల్‌ని స్కీ పెట్రోల్ వాళ్లు చూసుకుంటారు. అది దాటి పక్కకి వెళ్తే ఎవరి ప్రాణానికి వాళ్లే పూచీ. పదిమంది వెళ్తుంటే చూసి మేమిద్దరం కూడా వాళ్ల వెనకాలే వెళ్లిపోయాం. బీకన్ (ఒంటికి కట్టుకునే చిన్న పరికరం, మంచు కింద పడితే దాని సిగ్నల్ పట్టుకుని మిగతావాళ్లు తమ బీకన్‌తో వెతుకుతారు) లేదు, పార లేదు, ఏ వాలు మీద నిలబడ్డామో కూడా తెలియదు. ఏమీ కాలేదు, కిందకి వచ్చేశాం. ఆ రాత్రి గదిలో ఫోన్ చూస్తుంటే 2023 ఫిబ్రవరి 1న ఇదే అఫర్వత్ కొండ మీద అవలాంచ్‌లో, అంటే మంచు చరియ విరిగిపడి, ఇద్దరు పోలెండ్ స్కీయర్లు చనిపోయిన వార్త, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ చనిపోయిన వార్త కనిపించాయి. ఇక నిద్ర పట్టలేదు. మా అత్తగారికి వాడొక్కడే కొడుకు. తీసుకెళ్లింది నేను.

అందుకే ఈ లెక్క రాసుకోవడం మొదలుపెట్టాను.

ఏప్రిల్

రెండు సెకండ్ హ్యాండ్ బీకన్లు, రెండు ప్రోబ్‌లు (మంచులో గుచ్చి చూసే పొడవాటి మడత కడ్డీలు), రెండు అల్యూమినియం పారలు కొన్నాం. బీకన్లకే 38 వేలు అయింది. మూడు యాంటెనాల డిజిటల్ మోడలే తీసుకోవాలి. పాత ఒక్క యాంటెనా రకం చవగ్గా వచ్చినా వద్దు. పార లోహానిదే ఉండాలి. చరియ విరిగిపడి ఆగిన మంచు కాసేపట్లోనే సిమెంటులా బిగుసుకుపోతుంది, ప్లాస్టిక్ పార అక్కడ విరిగిపోతుంది.

బీకన్‌లో మామూలు ఆల్కలైన్ సెల్సే వేయాలి. రీఛార్జి సెల్స్ వేస్తే బ్యాటరీ ఎంత ఉందో తప్పుగా చూపిస్తుంది. సీజన్ అయిపోగానే సెల్స్ తీసేయాలి. మా తేమకి రిమోట్లలోనే సెల్స్ కారిపోతాయి, ఇందులో కారితే ఇంకేమైనా ఉందా.

మే

ఎండాకాలం వంశధారలో నీళ్లు ఒక పాయగా పోతాయి, మిగతాదంతా ఇసుక. ఉదయం ఐదున్నరకి వెళ్తే ఎండ ఎక్కేలోపు ఆరేడు సార్లు వెతకొచ్చు. ఒకడు వెనక్కి తిరిగి నిలబడాలి, రెండోవాడు ఒక బీకన్‌ని ఎక్కడో పాతాలి.

మొదటి రోజే తప్పు జరిగింది. ఇసుక దూరుతుందని మా బావమరిది బీకన్‌ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించి పాతాడు. ఇరవై నిమిషాలు తిరిగాను. సిగ్నల్ ఒక్కసారి అందీ అందనట్టు వచ్చి పోయింది. మోటార్లు చుట్టేవాణ్ణి నేను, నాకైనా తట్టాల్సింది. బీకన్ పంపేది 457 కిలోహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం, చుట్టూ లోహపు డబ్బా ఉంటే అది అక్కడే ఆగిపోతుంది. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బాని గడ్డి కుక్కిన గోనె సంచిలో పెట్టాం. సంచికి ఇంకో లాభం ఉంది, అది తర్వాత చెబుతాను.

బీకన్ బాణం తిన్నగా మనిషి దగ్గరికి తీసుకెళ్లదు. బడిలో అయస్కాంతం మీద కాగితం పెట్టి ఇనప రజను చల్లినప్పుడు గీతలు వంకరగా విల్లులా పడతాయి కదా, బాణం ఆ గీతల వెంటే నడిపిస్తుంది. తెర మీద 30 అని ఉంటే ఆ వంకర దారిలో ముప్ఫై అని, తిన్నగా కొలిస్తే అంతకంటే దగ్గరే ఉంటాం. ఇది తెలియక మావాడు బాణం వంగిన ప్రతిసారీ మిషన్ చెడిపోయిందని ఆగిపోయేవాడు. షాపులో ఒక పాత కాయిల్ తీసి చూపించాక ఆగడం మానేశాడు. క్షేత్రం బలం దూరం ఘనంతో పడిపోతుంది. అంటే దూరం సగమైతే బలం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే చివరి మూడు మీటర్లలో అంకెలు అంత గబగబా మారతాయి.

నా మొదటి రోజుల సమయం 11 నిమిషాలు. నెలాఖరుకి 4 నిమిషాల 20 సెకన్లు. అందులో ఒక నిమిషం దాకా నా ఫోన్ వల్లే పోయేది. షర్టు జేబులో ఉంచుకునేవాణ్ణి, అంకెలు ఊరికే ఎగిరేవి. వెతికేటప్పుడు ఫోన్‌కీ బీకన్‌కీ 50 సెంటీమీటర్లు, మామూలుగా సిగ్నల్ పంపే మోడ్‌లో 20 సెంటీమీటర్లు దూరం ఉండాలి. ఫోనే కాదు, స్మార్ట్‌వాచ్, కెమెరా కూడా అంతే.

జూన్ మొదటి వారం

ఆ రోజు నోటుబుక్కు తిరగేస్తుంటే ఒకటి తట్టింది. నెలంతా నా సమయమే రాశాను. కానీ నేను మంచు కింద ఉంటే వెతకాల్సింది వాడు. నా ప్రాణం నా 4 నిమిషాల్లో లేదు, వాడి 9 నిమిషాల్లో ఉంది. స్విట్జర్లాండ్‌లో నలభై ఏళ్ల ప్రమాదాల లెక్కలు తీసి 2024లో ఒక అధ్యయనం వేశారు. పూర్తిగా మంచు కింద పడ్డవాళ్లని పది నిమిషాల లోపు తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతికారు. అరగంటకి అది ముగ్గురిలో ఒకరికి పడిపోయింది. ఆ లోపు ఏ హెలికాప్టరూ రాదు, ఏ రెస్క్యూ టీమూ రాదు. పక్కన ఉన్నవాడే దిక్కు.

అప్పటి నుంచి నా సమయం రాయడం మానేశాను, వాడిదే రాస్తున్నాను.

వాడి లోపం మూడోరోజుకి దొరికింది. దూరంలో నెమ్మదిగా నడిచి, దగ్గరపడగానే పరిగెత్తేవాడు. చేయాల్సింది తిరగేసి. సిగ్నల్ దొరికేదాకా పరుగు, పది మీటర్ల లోపు నడక, మూడు మీటర్ల లోపు మోకాళ్ల మీద. అక్కడ బీకన్ నేలకి ఆనించినట్టు పెట్టి, అటూఇటూ తిప్పకుండా, శిలువ ఆకారంలో ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ జరపాలి. అన్నిటికంటే చిన్న అంకె వచ్చిన చోటే ప్రోబ్. వారంలో 9 కాస్తా 5 అయింది.

ఒక పొద్దున్న గేదెల్ని తోలుకొచ్చిన కుర్రాళ్లు ముగ్గురు మమ్మల్ని చాలాసేపు చూసి, "కొణొ హొజిగొలా?" అని అడిగారు. ఏం పోయిందని. బంగారం అనుకున్నట్టున్నారు. వాళ్లలో పెద్దవాడికి బీకన్ ఇచ్చి రెండు ముక్కలు చెప్పాను. ఆరు నిమిషాల్లో సంచి మీద నిలబడ్డాడు. మా బావమరిది ఆ రోజంతా మాట్లాడలేదు, మర్నాడు నాకంటే ముందే ఏటికి వచ్చేశాడు.

వానాకాలం

ఏరు నిండింది. నాలుగు నెలలు ఇసుక లేదు, ఇంట్లోనే చదువు.

పనికొచ్చింది ఒక పీట ప్రయోగం. పీట మీద తడి గోనె పరిచి, బియ్యప్పిండి కాస్త తడిపి చేత్తో ఒత్తి రెండంగుళాల మందాన వేశాను. పీట ఎత్తుతూ పోయాను, 45 డిగ్రీలు దాటినా కదల్లేదు. రెండోసారి గోనె మీద ముందు పంచదార పల్చగా చల్లి, పైన అదే పిండి వేశాను. ముప్ఫై రెండు దగ్గర కుదురుగానే ఉంది. అప్పుడు మా ఆవిడ పైఅంచున గరిటె కాడతో ఒక్కసారి తట్టింది. పిండి మీద సన్నటి గీత ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది, మొత్తం ఒకే పలకగా జారి గట్టు మీద పడింది. తట్టింది ఒక మూల, తెగింది మొత్తం. ప్రాణాలు తీసే చరియలు చాలావరకు ఇలా పలకలుగా విరిగేవే. చిక్కుకున్నవాళ్లలో పదికి తొమ్మిది మందికి ఆ గరిటె దెబ్బ వాళ్లదో, వాళ్ల గుంపులో ఇంకొకరిదో.

ఇలాంటివి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద తెగుతాయి. కాబట్టి వాలు కొలవడం రావాలి. ఆదివారాలు ఊరి చుట్టూ కొండల మీదకి వెళ్లి, ముందు కంటితో అంచనా రాసి, తర్వాత కర్ర నేలకి ఆనించి దాని మీద ఫోన్ పెట్టి కొలిచాం. నేను నలభై అనుకున్నది 27 వచ్చింది. ముప్ఫై దాకా అంచనాలు రాశాక గానీ మూడు డిగ్రీల తేడాలోకి రాలేదు. మ్యాపు మీద అయితే వంద మీటర్లు ముందుకి 58 మీటర్లు ఎత్తు పెరిగితే 30 డిగ్రీలు. ఇంకొకటి, మనం నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు. మన నెత్తి మీద ఏ వాలు వేలాడుతోందో చూడాలి.

మా అత్తగారు ఒకరోజు అడిగారు, "సియాచిన్‌లో మన కర్నూలు కుర్రోడు పోయినాడు కదా బాబూ, అదేనా ఇది?" అని. 2016 ఫిబ్రవరిలో పదిమంది జవాన్లని మింగిన చరియ అది. అదే అని చెప్పాను. అబద్ధం చెప్పాలనిపించలేదు. వాళ్లు డ్యూటీ మీద ఉన్నారు, మేం ఇష్టపడి వెళ్తున్నాం. ఆ తేడా ఆవిడ అనలేదు గానీ నాకు తెలుసు.

డిసెంబర్, జనవరి

మళ్లీ ఇసుక. ఈసారి తవ్వకం కూడా కలిపాం. గట్టు వాలులో, తడి ఇసుకలో, మీటరు లోతున సంచి.

ప్రోబ్ నేలకి నిటారుగా కాదు, వాలుకి లంబంగా గుచ్చాలి. తగలకపోతే 25 సెంటీమీటర్ల ఎడంతో సర్పిలంగా తిరుగుతూ రావాలి. గడ్డి సంచి ఇక్కడ పనికొచ్చింది. రాయి తగిలితే చెయ్యి ఝల్లుమంటుంది, గట్టి ఇసుక తగిలితే మొద్దుగా ఆగుతుంది, సంచి తగిలితే మెత్తగా వెనక్కి తోస్తుంది. కళ్లు మూసుకుని కూడా ఈ మూడూ చెప్పగలగాలి. తగిలాక ప్రోబ్ తీయకూడదు, అదే గుర్తు.

తవ్వడం ప్రోబ్ దగ్గర కాదు. లోతుకి ఒకటిన్నర రెట్లు దిగువకి వెళ్లి, అక్కడి నుంచి లోపలికి తొలుచుకుంటూ రావాలి. నిలువుగా గొయ్యి తీస్తే పడ్డవాడి మీదే తొక్కుతూ నిలబడతాం, మట్టి ఎత్తి పోయడానికి చోటుండదు. ముందు తల, నోరు, ముక్కు. మిగతా ఒళ్లు తర్వాత.

మా బావమరిది మొదటి పూర్తి లెక్క ఇది: వెతకడం 4 నిమిషాలు, ప్రోబ్ 1, తవ్వడం 11. మొత్తం 16. బీకన్ మీద ఎనిమిది నెలలు పెట్టాం, సమయం తినేది మాత్రం పార. జనవరి చివరికి తవ్వకం 8కి తెచ్చాడు, మొత్తం 13 అయింది. ఇంకా పది దాటే ఉంది. ఇద్దరమే వెళ్తే ఒకడు కిందుంటాడు, ఒక్కడే తవ్వుతాడు. కాబట్టి ఇద్దరమే ఎప్పుడూ వెళ్లకూడదని ఆ రోజే అనుకున్నాం.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. ఎవరు ముందు వద్దంటే వాళ్ల మాటే చెల్లుతుంది, కారణం అడగకూడదు. ఇది నేనే పట్టుబట్టి పెట్టాను. ఎందుకంటే వాడు నాకు ఎదురు చెప్పడు. అక్క మొగుడు ముందు నడుస్తుంటే ఆగమనడానికి మా ఇళ్లలో నోరు రాదు. ప్రాక్టీసులో కూడా రోజుకొకసారైనా నా చేత తప్పు చేయించి, వాడి చేత "వద్దు బావా" అనిపించేవాణ్ణి. బీకన్ కంటే ఇదే కష్టమైంది.

ఫిబ్రవరి, గుల్‌మార్గ్

ప్యాసింజరులో విశాఖ, అక్కడి నుంచి విమానాల్లో ఢిల్లీ మీదుగా శ్రీనగర్, తంగ్‌మార్గ్ నుంచి చక్రాలకి గొలుసులు వేసిన జీపు. బీకన్లు చేతి సంచిలో, ప్రోబ్‌లు, పారలు లగేజీలో.

మూడు రోజుల అవలాంచ్ కోర్సు, ఎనిమిది మందిమి. వెతకడంలో మాకు ఇబ్బంది కాలేదు. తవ్వడంలో అయింది. ఇసుక బరువు ఎక్కువైనా జారుతుంది, ఈ మంచు పలకలుగా కోస్తే గానీ రాదు. పైగా ఆ ఎత్తులో ఊపిరి అందదు. మా 8 నిమిషాలు 10 అయ్యాయి.

రెండోరోజు మంచులో గొయ్యి తీసి పొరలు చూశాం. నలభై సెంటీమీటర్ల కింద ఉన్న పొర అరచేతిలోకి తీసుకుంటే పంచదారలా జలజలా రాలిపోయింది. నేల దగ్గర వెచ్చగా, పైన విపరీతమైన చలిగా ఉంటే లోపలి ఆవిరి పైకి పోతూ మంచు రేణువుల్ని ఇలా గుళ్లగుళ్లగా మార్చేస్తుంది. 30 సెంటీమీటర్ల చదరపు దిమ్మె కోసి, పైన పార పెట్టి, మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది దెబ్బలు వేయాలి. మాది పదమూడో దెబ్బకి తెగింది. తెగిన పలక నా ఒళ్లోకి జారినప్పుడు మా వంటింటి పీట గుర్తొచ్చింది. తిరిగొస్తుంటే చదునులో కాళ్ల కింద 'ఘుప్' అని శబ్దం, నేల అంగుళం కుంగింది. బలహీనమైన పొర కూలిందని అర్థం. ఇన్‌స్ట్రక్టర్ అక్కడే ఆపి ఒకరి వెనక ఒకరిని దూరదూరంగా నడిపించాడు.

మూడోరోజు చరియల ప్రమాదం చెప్పే బులెటిన్ మూడు అంది. ఐదులో మూడే కదా అనిపిస్తుంది గానీ, ఒక మనిషి బరువుకే చరియ తెగే అవకాశం బాగా ఉన్న స్థాయి అది. అయినా ఎండ కాస్తోంది, పైన ముందు రాత్రి గాలి తెచ్చి పోసిన మంచు దిండులా ఉంది. మా వంతు దారి ఎంచుకోమన్నారు. నాకు ఎడమ పక్క వాలు మీద మనసు పడింది. 28 ఉంటుంది, ఫర్వాలేదన్నాను. మా బావమరిది కర్ర ఆనించి ఫోన్ పెట్టాడు. కాసేపు ఏమీ అనలేదు. గుంపంతా మా వైపే చూస్తోంది.

"ముప్పై నాలుగుంది బావా. ఎల్లొద్దు."

కారణం అడగలేదు. పెట్రోల్ చూసుకునే బౌల్లోంచే ఎనిమిది మందిమీ దిగాం.

ఇంటికొచ్చాక సెల్స్ తీసి, ప్రోబ్‌ల తాళ్లు ఆరబెట్టి, నోటుబుక్కులో 34 అని రాసి చుట్టూ గీత గీశాను. ఏప్రిల్‌లో ఇసుక తేలగానే ముగ్గురితో మొదలుపెడతాం. గేదెల కుర్రాడు వస్తానన్నాడు, వాడికి మూడో పార కొన్నాను.