కాంటా దగ్గర తెలిసే లీడరు

నాయకత్వం మీద పెట్టే శిక్షణల్లో నిజాయితీ, ఓపిక, భావోద్వేగ ప్రజ్ఞ అని చార్టు మీద పెద్దక్షరాలతో రాస్తారు. మాటల్లో తప్పేం లేదు. కానీ చార్టు చూసి ఏ మనిషి ఎలాంటిదో చెప్పలేం. అది తెలియాలంటే యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లో వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు ఏ ఊరి ఐకేపీ కేంద్రానికైనా, అంటే మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రానికైనా పోయి ఒక పూట కూర్చోవాలి. నలభై యాభై కుప్పలు, ఒకటో రెండో కాంటాలు, ఎప్పుడొస్తుందో తెలియని లారీ, పైన మబ్బు. వీటి నడుమ రిజిస్టరు చంకన పెట్టుకుని నిలబడ్డ మహిళా సంఘం లీడరు. చేతిలో అధికారం అంతంతమాత్రం, మాట పడడం మాత్రం రోజూ ఉంటుంది.

గొడవ మొదలయ్యేది వరుస దగ్గర. ముందు వచ్చినవాళ్లవి ముందు తూకం వేయాలన్నది అందరికీ న్యాయంగా తోచే మాట. కానీ కేంద్రంలో కొనేది తేమ 17 శాతం దాటని వడ్లనే. హార్వెస్టరుతో కోసినవి 20 దాటి వస్తాయి, ఒక్కోసారి 25 దాకా ఉంటాయి. సోమవారం పోసిన కుప్ప ఆరకపోతే, బుధవారం వచ్చి ఆరిన కుప్పకు ముందు కాంటా పడుతుంది. అది చూసిన సోమవారం రైతు ‘తన మనుషులకు చేసుకుంటున్నది’ అనుకుంటాడు. ఆయనను తప్పు పట్టలేం, ఆయన కంటికి కనబడుతున్నది అదే. అందుకే రిజిస్టరులో తేదీ గడులు రెండు ఉండాలి. ఒకటి కుప్ప పోసిన తేదీ, రెండోది తేమ సరిపోయిన తేదీ. వరుస రెండో గడిని బట్టి నడవాలి. ఈ సంగతి మొదటి రోజే అందరి ముందు చెప్పి, రోజూ పొద్దున్నే ఆనాడు కాంటా పడే పేర్లు బోర్డు మీద రాస్తే చాలా తగాదాలు అసలు పుట్టనే పుట్టవు.

తేమ చూడడంలో చేతివాటం ఉంది. కుప్ప మీద ఎండ తగిలిన గింజలు తీస్తే 15 చూపుతుంది, అడుగున చెయ్యి పెడితే 20. కావలసినవాళ్లకు పైనుంచి, కానివాళ్లకు అడుగునుంచి తీయడం పాత విద్యే. తిన్నగా చేసే పద్ధతి ఇదీ: అయిదు చోట్ల మోచేతి దాకా చెయ్యి దూర్చి గింజలు తీయాలి, కలపాలి, నీడలో కాసేపు ఉంచాలి. ఎండకు కాలిన గింజను వెంటనే పెడితే మిషన్ తప్పు అంకె చూపుతుంది. మూడుసార్లు చూసి సగటు తీయాలి. ఆ అంకెను రైతు తన కళ్లతో చదువుకోవాలి, లీడరు చదివి చెబితే సరిపోదు. 19 వచ్చిందనుకోండి, ‘ఆరలేదు, పో’ అని పంపడం సగం పనే. రెండు మూడు వేళ్ల మందాన పరచి, గంటకోసారి కాళ్లతో తిరగేసి, పొద్దుగూకక ముందే దగ్గరికి లాగి పరదా కప్పితే ఎండ బాగుంటే రెండు రోజుల్లో దిగుతుందని చెప్పాలి. పచ్చి వడ్లు కుప్పగానే ఉంచితే లోపల వేడెక్కి రంగు మారుతాయి, ఆ తర్వాత మిల్లులో ఏ మాట చెప్పినా నడవదు.

అసలు పరీక్ష తరుగు, అంటే తూకంలో రైతు దగ్గర అదనంగా తీసుకునే బరువు. బస్తా 40 కిలోలు. గన్నీ సంచి బరువు అర కిలో పైచిలుకు, దాన్ని కలిపి కాంటా పెట్టడంలో అన్యాయం లేదు. కానీ తాలు ఉంది, మట్టి ఉంది అని మిల్లు నుంచి ఫోన్ వస్తుంది: బస్తాకు ఇంకో కిలో వేస్తేనే లారీ దించుకుంటాం. ఆ కిలో విలువ ఎంతో కాగితం మీద వేసి చూడండి. రెండెకరాల లోపు రైతుకు వంద బస్తాలు అవుతాయి. బస్తాకు కిలో అంటే వంద కిలోలు, సరిగ్గా ఒక క్వింటాలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు ‘ఏ’ గ్రేడు రకానికి 2,389 రూపాయలు, సాధారణ రకానికి 2,369. అంటే ఒక్క రైతుకు దాదాపు రెండు వేల నాలుగు వందలు పోయినట్టు, అతనికి తెలియకుండానే.

ఇక్కడ లీడర్లు రెండు తీర్లుగా ఉంటారు. ఒకామె మారు మాట్లాడకుండా కాంటా మీద ఆ కిలో ఎక్కిస్తుంది. గొడవ లేదు, లారీ కదులుతుంది, నాలుగు రోజులకు ఎవరో ఇంటి దగ్గర బస్తా తూచుకున్నాక ఊరంతా తెలుస్తుంది, అప్పటి నుంచి ఆమె ఏం చెప్పినా నమ్మరు. ఇంకొకామె ఫోన్ పెట్టేసి రైతులను పిలుస్తుంది, మిల్లు ఏమన్నదో ఉన్నదున్నట్టు చెబుతుంది. తాలు నిజంగా ఉన్న కుప్పను క్లీనరులో వేయిస్తుంది. తూకం అయిన ప్రతి కుప్ప నుంచి రెండు పొట్లాలు కట్టి ఒకటి రైతుకిచ్చి, రెండోది పేరు రాసి కేంద్రంలో ఉంచుతుంది. ఏ లారీలో ఎవరి బస్తాలు ఎన్ని పోయాయో ట్రక్ షీట్ (లారీ లోడు కాగితం) నంబరుతో సహా రాస్తుంది. రేపు మిల్లు కోత పెడితే అది ఏ కుప్ప మీదో అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది. ఆ ఒత్తిడిని ఆమె ఒక్కతే ఆపలేదు, అంత బరువు ఆమె నెత్తిన పెట్టడం కూడా న్యాయం కాదు. దాచకుండా ఉండడం మాత్రం ఆమె చేతిలో ఉంది.

లీడరు ఇంటి వడ్లు కూడా అక్కడికే వస్తాయి. ఆ రోజు రిజిస్టరు, తేమ మిషన్ వేరే సభ్యురాలి చేతికి ఇచ్చి తను పక్కన కూర్చోవాలి. అంతే, ఇందులో చర్చ లేదు. కౌలు రైతుల సంగతి అంత సులువు కాదు. పాసుపుస్తకం పట్టాదారు పేరున ఉంటుంది, చెమట ఒకరిది, ఖాతా ఇంకొకరిది. డబ్బులు పడ్డాక కూర్చుని పంచాయితీ చేస్తే ఎవరూ సంతోషంగా లేవరు. కుప్ప పోసిన రోజే వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో)తో మాట్లాడించి, పైసలు ఎవరి ఖాతాలో పడాలో ఇద్దరి ముందు తేల్చుకోవాలి.

చెడగొట్టు వాన పడ్డ సాయంత్రం మాట తీరు బయటపడుతుంది. వారం రోజులుగా కావలి ఉన్న రైతు మీదికొస్తాడు: “ఏందమ్మా, నా వడ్లు మొలకలొచ్చినంక కొంటవా?” ఈ మాటకు ‘నా చేతిల ఏమున్నది’ అన్న జవాబు నిజమే కావచ్చు, కానీ అది నిప్పు మీద కిరసనాయిలు. తెలిసిన లీడరు ముందు పరదా అందుకుంటుంది. “కాకా, గా కొస పట్టు. ముందు కప్పుదాం, తర్వాత తిట్టు, నేనెటూ పోను.” కప్పడం అయ్యాక కూర్చోబెట్టి చెబుతుంది: “మిల్లు కాడ మూడు బండ్లు దిగలేదట. మనకు బండి రేపొస్తదో రాదో నాకు ఇప్పుడైతే తెల్వదు. ఏడు గంటలకు మళ్ల ఫోన్ చేస్త. వచ్చినా రాకున్నా నీకు వచ్చి చెప్త.” తెలిసింది చెప్పింది, తెలియనిది ఒప్పుకున్నది, మళ్లీ ఎప్పుడు చెబుతుందో గంట పెట్టింది. ఏడింటికి లారీ ఖాయం కాకపోయినా ఆ కుప్ప దగ్గరికి నడిచిపోవాలి. ‘రేపు పక్కా వస్తది’ అని ఆ పూటకు చల్లబరిచే మాట మరునాడు రెట్టింపు కోపమై తిరిగొస్తుంది. రైతు కోపం లీడరు మీద కాదని, తడుస్తున్న ఆరు నెలల కష్టం మీదని ఆ క్షణంలో గుర్తుండడమే శిక్షణల్లో చెప్పే ‘భావోద్వేగ ప్రజ్ఞ’ అనే ఆ పెద్ద మాటకు అర్థం. ఊళ్లో దాన్ని మనసెరిగి మాట్లాడుడు అంటారు.

కాంటాలు లేని నెలల్లో ఇదే గుణం సంఘం అప్పు కిస్తీల దగ్గర పనికొస్తుంది. లెక్కకు అయిదు లక్షల బ్యాంకు అప్పు, పది మంది, ఏడాదికి 12 శాతం మిత్తి, 36 నెలలు అనుకుందాం. నెల కిస్తీ 16,607 రూపాయలు, తలా 1,661. ఒకామె కట్టకపోతే మిగతా తొమ్మిది మంది మీద 185 చొప్పున పడుతుంది. ఆ 185 కోసం మీటింగులో పదిమంది ముందు నిలదీస్తే పైసలు రావు, మనిషే రావడం మానేస్తుంది.

మీటింగుకు రెండు రోజుల ముందు లీడరు ఒక్కతే వాళ్లింటికి పోవాలి, ఇంట్లో మగవాళ్లు, అత్త లేని వేళ చూసుకుని. ‘ఎందుకు కట్టలేదు’ అని అడిగితే సంజాయిషీ వస్తుంది. ‘చెల్లె, ఈ నెల ఇంట్ల ఎట్లున్నది’ అంటే సంగతి వస్తుంది. కట్టనివాళ్లు మూడు రకాలు: లేక కట్టనిది, ఉండీ కట్టనిది, ఇంట్లోవాళ్లు కట్టనియ్యనిది. పత్తి డబ్బు దీపావళి దాటాక గానీ చేతికి రాదు, మిరప పైసలు కళ్లజూడాలంటే మాఘం దాకా ఆగాలి. బీడీలు చేసే ఇంట్లో చేతికి కొద్దికొద్దిగా వస్తాయి, గల్ఫ్‌లో మనిషి ఉంటే జీతం ఆగిన నెల కిస్తీ ఆగుతుంది. లేనిదానికి సంఘం పొదుపు నుంచి ఆ నెల కిస్తీ కట్టి, ఆమె పేరున అప్పుగా రాసి, పంట చేతికొచ్చే నెల గడువు పెట్టాలి. రాయకుండా జాలితో సర్దితే అది జాలిపడ్డ లీడరు మెడకే చుట్టుకుంటుంది. ఉండీ కట్టనిదానికి తీర్మానం తప్పదు. భర్త లాక్కున్న పైసల దగ్గర ఆమెను గద్దించడం ఆమెను రెండోసారి కొట్టడమే. అక్కడ నలుగురు కలిసి పోయి భర్తతో మాట్లాడాలి, తదుపరి అప్పు అంతా ఒకేసారి కాకుండా విడతలుగా ఇవ్వాలి.

మీటింగు వేళ గురించి ఒక మాట. పత్తి ఏరే రోజుల్లో మధ్యాహ్నం మీటింగు పెట్టి, రానివాళ్లకు జరిమానా వేసే లీడర్లు ఉన్నారు. పత్తి ఏరితే కిలోకు ఇంత అని కూలి. మీటింగు ఆమె నోటికాడి ముద్ద తీస్తున్నదని తెలియాలి. రాత్రి ఏడు తర్వాత పెట్టుకుంటే పోయేదేం లేదు.

మన దగ్గర ఇలాంటి నాయకత్వానికి పాత ఆనవాళ్లు ఉన్నాయి. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథ రెడ్డి 1956లో మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు ఆయన తర్వాత కూడా నిలబడింది. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో ఒక్కో పనికి ఒక్కో కమిటీ, పెత్తనం ఒకరి ఇంట్లో పోగుపడకుండా. మంచి మనిషి దొరకడం అదృష్టం. ఆ మనిషి పోయినా పని ఆగకుండా ఉండాలంటే రాత కావాలి, పంపకం కావాలి.

ఎన్నో సంఘాలు ఇక్కడే దెబ్బ తింటాయి. రెండు మూడేళ్లకు లీడరు మారాలని అందరూ అంటారు, పాత లీడరు మంచిదైతే ‘నువ్వే ఉండు అక్కా’ అని ఆపేస్తారు. ఆమెకూ ఆ మాట తీపిగానే ఉంటుంది. మారే రోజు సభ్యులందరి ముందు అప్పగింత జరగాలి: బ్యాంకు పాసుపుస్తకం, తీర్మానాల పుస్తకం, ముద్ర, బీరువా తాళం, కేంద్రం ట్యాబు, తేమ మిషన్, పరదాల లెక్క. గన్నీ సంచులను కట్టలుగా కాకుండా ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి, ఎలుకలు కొట్టినవి విడిగా. రావలసిన సంచులు ఏ రైతు దగ్గర ఎన్ని ఆగిపోయాయో పేరుపేరునా రాసి, దాని కింద పాత లీడరు, కొత్త లీడరు ఇద్దరూ సంతకం పెట్టాలి.