రిపోర్ట్ వచ్చేలోపు

మెడ పక్కన గడ్డ చేతికి తగిలినప్పటి నుంచి వేలు అక్కడికే పోతోంది. ఆఫీసులో, మెట్రోలో, నిద్రలో కూడా. మాటిమాటికీ నొక్కితే నొప్పి, వాపు పెరుగుతాయి, వాటితో పాటే టెన్షన్.

మెడలో లింఫ్ గ్రంథులు ఉబ్బడానికి గొంతు ఇన్ఫెక్షన్, పంటి చీము, మన దగ్గర టీబీ కూడా కారణాలే. లింఫోమా అనే లింఫ్ క్యాన్సర్ వాటిలో ఒకటి మాత్రమే. కానీ అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే ఆ ఒక్కటే కనబడుతుంది. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి మీదుగా వెళ్తూ తల పక్కకు తిప్పుకున్నాను. ఏళ్ల తరబడి చూస్తున్న గేటే అది.

చివరికి అక్కకు చెప్పాను. "ముందు టెస్ట్ చేయించుకో. ఏడవాల్సి వస్తే ఇద్దరం కలిసి ఏడుద్దాం" అంది. తనే వెంట వచ్చింది. ఎఫ్‌ఎన్‌ఏసీ టెస్ట్ చేయించుకున్నాను. అంటే సన్నటి సూదితో గడ్డలోంచి కొన్ని కణాలు తీసి మైక్రోస్కోప్ కింద చూడటం. సూది పని నిమిషాల్లో అయిపోయింది. రిపోర్ట్ ఇంకా రాలేదు.

భయం పోలేదు. వెతకడం మాత్రం మానేశాను. సందేహాలన్నీ నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌ను అడగడానికి ఉంచుకుంటున్నాను. రెండు మూడు వారాలైనా తగ్గని గడ్డ మీలో ఎవరికైనా ఉంటే, దయచేసి ఈ వారమే చూపించుకోండి.