ఎర్రమట్టి దిబ్బల నుంచి భీమిలి దాకా ఒడ్డు వెంట నడక

వైజాగ్‌కి దగ్గర్లో సగం పూటలో హాయిగా నడిచి రాగలిగిన దారి ఇది. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే బస్సెక్కి దిబ్బల దగ్గర దిగి, ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి నడిస్తే నాలుగైదు కిలోమీటర్లలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది.

టైము చూసుకోవడమే అసలు పని. నీరు బాగా వెనక్కి తీసే సమయానికి గంట ముందు బయల్దేరండి. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ. అప్పుడు పోటు వేళ నడిస్తే గట్టి ఇసుక మునిగిపోయి పొడి ఇసుకలో కాళ్లీడ్చాల్సి వస్తుంది, పిక్కలు పట్టేస్తాయి.

అడుగు వేయగానే పాదం చుట్టూ తడి ఇసుక ఒక్క క్షణం తెల్లబడిందా? అది గట్టి నేల, అక్కడే నడవండి. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, కుడికాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు వాలు తక్కువున్న చోటే చూసుకోవాలి. వలల దగ్గర చెప్పులు విప్పకండి, తెగిన దారాలూ గాలాలూ ఉంటాయి.

మనిషికి లీటరున్నర నీళ్లు, టోపీ చాలు. దిబ్బల అంచులెక్కకండి, వానకి కోసుకుపోయిన మట్టి కాలికింద విరుగుతుంది, ఆ దిబ్బలు మళ్లీ రావు. నది మూతి దగ్గర లోతు తక్కువగా కనిపించినా దాటకండి, నీరు తీసేటప్పుడు లాగుడు బలంగా ఉంటుంది. తిరుగు బస్సు భీమిలిలోనే దొరుకుతుంది.