ముందు నడక, తర్వాతే కాల్పులు: మెక్‌వారియర్ ఆన్‌లైన్‌లో నా అనుభవం

కెనడాకు చెందిన పిరాన్హా గేమ్స్ సంస్థ 2013లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన మెక్‌వారియర్ ఆన్‌లైన్ అనే కంప్యూటర్ ఆటలోకి నేను చాలా ఆలస్యంగా అడుగుపెట్టాను. అంతకుముందు నేను ఆడిన కాల్పుల ఆటలన్నింటిలోనూ మనిషి ఎటు తిరిగితే తుపాకి కూడా అటే తిరుగుతుంది. మెక్ అనే ఈ రెండు కాళ్ల యుద్ధయంత్రం అలా ఉండదు. దాని కాళ్లు ఒక దిక్కుకు పోతుండగా మొండెం మరో దిక్కుకు తిరిగి ఉండగలదు. థ్రాటిల్ డికే అనే సెట్టింగును తీసేస్తే, కీ వదిలినా యంత్రం ఆగకుండా పెట్టిన వేగంతోనే సాగిపోతుంది. 20 టన్నుల లోకస్ట్ నుంచి 100 టన్నుల అట్లాస్ వరకు బరువును బట్టి లైట్, మీడియం, హెవీ, అసాల్ట్ అని నాలుగు తరగతులు ఉన్నాయి. మామూలు మ్యాచ్‌లో పన్నెండు మందికి ఎదురుగా పన్నెండు మంది దిగుతారు, ఒకసారి కూలిన యంత్రానికి ఆ మ్యాచ్‌లో మళ్లీ ప్రాణం ఉండదు.

మా జట్టులో అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగాయన ఒకరున్నారు. నేను మొదటి రోజే పెద్ద ఫిరంగుల గురించి అడగబోతే, "తమ్ముడూ, కాల్చడం ఎలాగూ వస్తుంది, ముందు నడక చూసుకో" అని నన్ను ట్రైనింగ్ గ్రౌండ్స్‌లోకి పంపించారు. అక్కడ శత్రువులు కదలరు, కాల్చరు. ఒక గట్టు వెంట కాళ్లను నేరుగా నడిపిస్తూ, పక్కనున్న లక్ష్యం మీద మొండెం నిలిపి ఉంచడమే ఆయన నాకిచ్చిన పని. చెప్పినంత తేలికైన పని కాదది, ఎందుకంటే కళ్లు లక్ష్యం మీద ఉన్నప్పుడు కాళ్లెటు పోతున్నాయో తెరమీది మ్యాపులోని గుర్తును చూసి తెలుసుకోవలసిందే. చూడకుండానే కాళ్ల దిక్కు మనసుకు తెలిసే స్థితి రావడానికి వారాలు పట్టింది.

ఆ తర్వాత ఆయన నాకు సెంచూరియన్ అనే 50 టన్నుల మీడియం మెక్‌ను సిఫారసు చేశారు. నేను నేర్చుకున్నదానిలో ముఖ్యమైనదంతా ఆ యంత్రం దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. మెక్ శరీరం తల, నడిమి మొండెం, కుడి ఎడమ మొండేలు, రెండు చేతులు, రెండు కాళ్లు అని ఎనిమిది భాగాలుగా ఉంటుంది, ప్రతి భాగానికీ విడిగా కవచం ఉంటుంది, మొండెపు భాగాలు మూడింటికీ వీపువైపు మరో కవచం ఉంటుంది. నడిమి మొండెం పోతే యంత్రం పోయినట్టే. అందుచేత శత్రువు గురి ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఆ గురిని చెడగొట్టి దెబ్బలను మిగతా భాగాల మీదికి పంచడమే మన పని. సెంచూరియన్‌లో ప్రధాన ఫిరంగి కుడి చేతిలో ఉంటుంది, ఎడమ చేతిలో మాత్రం ఆయుధమేమీ ఉండదు, డాలులాంటి పలక ఉంటుంది. కాల్చిన వెంటనే మొండేన్ని కుడివైపుకు తిప్పితే ఆ ఎడమ చెయ్యి శత్రువుకు అడ్డంగా వస్తుంది, ఫిరంగి మళ్లీ సిద్ధమయ్యే ఆ కొద్ది సెకన్లలో వచ్చే దెబ్బలన్నీ పనికిరాని ఆ చేతి మీద పడతాయి. ఫిరంగి సిద్ధం కాగానే తిరిగి, కాల్చి, మళ్లీ తిప్పుకోవాలి. లేజర్ కిరణం ఒక్క క్షణంలో దెబ్బంతా దించదు, కొంతసేపు ఒకేచోట తగులుతూ ఉండాలి. కాబట్టి మనం తిరిగితే అది ఒక భాగాన్ని తొలిచే బదులు నాలుగు భాగాలను గీకి వదిలేస్తుంది.

ఇంజిన్ ఎంపిక కూడా ఇక్కడే అర్థమైంది. ఆటలోని వర్గాల్లో ఒకటైన ఇన్నర్ స్ఫియర్ మెక్‌లలో ఎక్స్ఎల్ ఇంజిన్ తేలికైనదే గాని పక్క మొండేలలోకి కూడా విస్తరిస్తుంది, అందువల్ల వాటిలో ఒక్కటి పోయినా యంత్రం కూలిపోతుంది. స్టాండర్డ్ ఇంజిన్ బరువెక్కువ, అయితే నడిమి మొండెంలోనే ఇమిడి ఉంటుంది. స్టాండర్డ్ ఇంజిన్ పెట్టిన సెంచూరియన్ రెండు చేతులూ రెండు పక్కలూ పోగొట్టుకున్నాక కూడా నడిమి మొండెంలోని రెండు మీడియం లేజర్లతో పోరాడుతూనే ఉంటుంది. ఆటగాళ్లు దాన్ని జాంబీ అని పిలవడంలో అతిశయోక్తి లేదు.

గట్ల వెనుక నిలబడి కాల్చడం ట్యాంకుల యుద్ధం నుంచి వచ్చిన పాఠమే. ట్యాంకు తన పొట్టను గట్టు వెనుక దాచి పైభాగం మాత్రమే చూపినట్టు మెక్ కూడా చేయవచ్చు, కానీ అది ఆయుధం ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. జేగర్‌మెక్ ఫిరంగులు భుజాల ఎత్తున ఉంటాయి కాబట్టి కాస్త తల ఎత్తితే చాలు. నడుము దగ్గర ఆయుధాలున్న యంత్రం అదే గట్టు మీద కాల్చాలంటే దాదాపు ఒళ్లంతా బయటపెట్టాలి. అలాంటి యంత్రానికి గట్టు కంటే గోడ మూల మేలు. ఏ మెక్‌ను కొనేముందయినా నేను ఆయుధాల సంఖ్య కంటే ముందు వాటి ఎత్తు చూస్తాను.

వేడి గురించి అందరూ చెప్పేదే: ఆయుధాలన్నీ ఒకేసారి పేల్చితే వేడి హద్దు దాటి యంత్రం నిలిచిపోతుంది, ఒకే రకం పెద్ద ఆయుధాలను పరిమితికి మించి ఒక్కసారి పేల్చితే అదనపు వేడి శిక్షగా పడుతుంది, అర సెకను ఎడమిస్తే ఆ శిక్ష ఉండదు. దూరపు క్షిపణులైన ఎల్ఆర్ఎంలు ఆకాశంలోంచి వంపుగా వస్తాయి గనుక పొట్టి గట్లు అడ్డుకోలేవు. పోలార్ హైలాండ్స్ లాంటి మంచు మైదానంలో ఈ బాధ ఎక్కువ. ఇన్నర్ స్ఫియర్ ఎల్ఆర్ఎంలు 180 మీటర్ల లోపల పనిచేయవు, కాబట్టి పారిపోవడం కంటే ముందుకు దూసుకుపోవడం చాలాసార్లు క్షేమం.

ఒంటరిగా నడవడం వచ్చాక గుంపుతో నడవడం నేర్చుకోవలసి వచ్చింది, నా దృష్టిలో కష్టమైన దశ ఇదే. హెచ్‌పీజీ మానిఫోల్డ్ లాంటి మ్యాపుల్లో నడిమధ్య పెద్ద కట్టడం ఉంటుంది. రెండు జట్లూ ఎదుటివారి వీపు అందుకోవాలని దాని చుట్టూ అపసవ్య దిశలో తిరగడం మొదలుపెడతాయి. అమెరికా కారు పందేల పేరుతో దీన్ని నాస్కార్ అంటారు. ఇందులో నలిగిపోయేది అసాల్ట్ మెక్‌లు. మొదట దానితో వచ్చే ఇంజిన్‌తో అట్లాస్ గంటకు 49 కిలోమీటర్లకు మించి నడవలేదు. తన జట్టు ముందుకు వెళ్లిపోతే, తిరిగి వస్తున్న శత్రువుల లైట్ మెక్‌లు ముందుగా పట్టుకునేది దాని వీపునే, అక్కడ కవచం పలచన. అందరూ కలిసి ఆగి, వెనుక నుంచి వచ్చేవారిని ఎదురు తిరిగి కాల్చితే ఆ చక్రం విరిగిపోతుంది, కానీ పదకొండు మంది అపరిచితులను ఆపడం ఫిరంగి గురిపెట్టినంత సులువు కాదు.

అందుకని నేను మీడియం నడిపేటప్పుడు మ్యాచ్ మొదలవగానే మ్యాపు తెరిచి మా జట్టులో అన్నింటికన్నా నెమ్మదైన యంత్రమేదో చూసి, దాని వీపు వెనుక ఒక మలుపు దూరంలో ఉంటాను. లోకస్ట్ లాంటిది కనబడితే దాని కాళ్ల మీద కాలుస్తాను, ఒక కాలు పోతే దాని వేగమే పోతుంది. అసాల్ట్ నడిపే రోజున అయితే చక్రం బయటి అంచున తిరగకుండా మధ్య కట్టడాన్ని ఆనుకుని లోపలి దారిలో వెళతాను, నడవవలసిన దూరం తగ్గుతుంది, వీపుకు గోడ దొరుకుతుంది. ఇంకా ముందుగా చేసే పని ఒకటుంది: మొదటి అర నిమిషంలోనే జట్టు చాట్‌లో "అట్లాస్ వెనకబడుతోంది, నెమ్మదిగా నడవండి" అని రాస్తాను. నలుగురు చదివి ఇద్దరు ఆగినా ఆ మ్యాచ్‌లో ఎక్కువసేపే బతుకుతాను.