పులిహోర కట్టుకుని ప్రాగ్‌కి

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉండే తెలుగువాళ్లలో చాలామంది చిప్ కంపెనీల్లో పనిచేసేవాళ్లే. మా ఆయనా అంతే. షిఫ్టుల గొడవలో ఇద్దరికీ కలిసి శని, ఆదివారాలు ఖాళీ దొరకడమే గగనం. మొన్న అక్టోబరులో దొరికింది. విమానం ఎక్కి దిగేసరికే సగం సెలవు గడిచిపోతుంది కాబట్టి, రైల్లో రెండు గంటల పైచిలుకు దూరంలో ఉన్న చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌కి వెళ్దామనుకున్నాం.

ముందు వీసా సంగతి చెప్తాను, అందరూ అడిగేది అదే. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు, గడువు తీరని మన పాస్‌పోర్టు ఉంటే చెక్ రిపబ్లిక్‌కి వేరే వీసా అక్కర్లేదు. 180 రోజుల్లో 90 రోజుల దాకా మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) తిరగొచ్చు. రెండూ ఒరిజినల్సే వెంట ఉండాలి. ఎందుకో తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది.

టికెట్లు చెక్ రైల్వే సైట్‌లో ముందుగా తీసుకున్నాం, తక్కువలో వచ్చాయి. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ చూసుకోండి. ఎల్బే నది పక్కనే చాలాదూరం వస్తుంది, అవతల ఇసుకరాతి కొండలు. సరిహద్దు దాటితే ఇదే నదిని లాబే అంటారు. ప్రాగ్‌లో పారే వ్లతవా మెల్నిక్ దగ్గర ఇందులోనే కలుస్తుంది. అంటే చార్లెస్ బ్రిడ్జి కింద పారిన నీళ్లే మా ఊరికి వస్తాయన్నమాట.

ప్రాగ్‌లో డబ్బు యూరో కాదు, కొరునా. కార్డు దాదాపు అన్నిచోట్లా పనిచేస్తుంది కానీ చిల్లరకి కాస్త తీసుకుందామని స్టేషన్ బయట ఏటీఎంలో కార్డు పెట్టాం. ‘మీ ఖాతాలో ఇన్ని యూరోలు తగ్గుతాయి, సమ్మతమేనా?’ అని స్క్రీన్ మీద అడిగింది. సమ్మతమంటే వాళ్ల రేటు, మన జేబుకి చిల్లు. మా ఆయన వద్దు అని నొక్కారు. మళ్లీ ఒకసారి ‘నిజంగా వద్దా?’ అని అడిగి, కొరునాల్లోనే లెక్క కట్టి డబ్బు ఇచ్చేసింది. రేటు మా బ్యాంకుదే పడింది. ట్రాముకి, మెట్రోకి కలిపి 24 గంటల టికెట్ కొన్నాం. కాగితం టికెట్ అయితే పసుపు రంగు మెషీన్‌లో ఒక్కసారి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే, జరిమానా తప్పదు.

గదిలో బ్యాగులు పడేసి 22వ నంబరు ట్రాములో నేరుగా కోటకి వెళ్లాం. శనివారమే కోట పెట్టుకోవడానికి కారణం ఉంది. కోట లోపలి సెయింట్ వైటస్ కెథడ్రల్‌లో ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, చూడ్డానికి వచ్చేవాళ్లని మధ్యాహ్నం నుంచే రానిస్తారు. 1344లో మొదలుపెట్టిన ఈ చర్చి 1929కి గానీ పూర్తి కాలేదట. లోపల ఎడమవైపు, ముఖా అనే చెక్ చిత్రకారుడి రంగుల అద్దం దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. మధ్యలో లుద్మిల, పక్కన ఎర్ర బట్టల్లో పిల్లవాడిగా ఆమె మనవడు వెన్సెస్లాస్, చెక్ వాళ్లు కొలిచే సెయింట్. మిగతా గదులకి టికెట్ కొందామా అంటే, ‘కాళ్లు నీవి, నొప్పులు నావి’ అన్నారు మా ఆయన. వదిలేశాం.

ఇక తిండి. మా ఆయన శనివారం నీచు ముట్టరు. చెక్ హోటల్ మెనూ చూస్తే గౌలాష్ అనే మాంసం పులుసు, పంది మాంసం, క్రీమ్ సాస్‌లో గొడ్డుమాంసం. అందుకే రాత్రే చింతపండు గుజ్జు ఉడికించి, వేరుశనగలు కాస్త ఎక్కువే వేసి పులిహోర కలిపి పెట్టాను. కోట నుంచి నడిచి లెత్నా పార్కుకి వెళ్లి, పెద్ద మెట్రోనోమ్ (సంగీతంలో తాళం కొలిచే లోలకం) దగ్గర మెట్ల మీద కూర్చుని తిన్నాం. 1962లో కూల్చేసేదాకా అక్కడ స్టాలిన్ విగ్రహం ఉండేది. కింద నది మీద వంతెనలన్నీ వరసగా కనిపిస్తాయి. రాత్రికి స్మజెని సిర్ దొరికింది. చీజ్ ముక్కని పిండిలో, బ్రెడ్ పొడిలో ముంచి వేయిస్తారు. పై పూతలో గుడ్డు ఉంటుందని నాకు తెలుసు. చెప్పబోతే, ‘ఏమీ చెప్పకు’ అంటూ ప్లేటు ముందుకి లాక్కున్నారు.

ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో పాతకాలపు ఖగోళ గడియారం ముందు జనం జాతరే. గంట కొట్టగానే అస్థిపంజరం బొమ్మ తాడు లాగుతుంది, పై కిటికీల్లో క్రీస్తు శిష్యుల బొమ్మలు తిరుగుతాయి, కోడి కూస్తుంది. నిమిషంలో ఖతం. ఆ కాస్త దానికి అరగంట ముందొచ్చి నిలబడక్కర్లేదు. జనం వెళ్లాక 1410 నాటి ఆ చక్రాన్ని తీరిగ్గా చూడండి. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు, చంద్రకళ ఎంత, పొద్దు ఎప్పుడు పొడుస్తుంది, అన్నీ అందులో ఉన్నాయి. గోడకెక్కిన పంచాంగమే అది.

ఆదివారం తెల్లారకముందే చార్లెస్ బ్రిడ్జికి వెళ్లాం. అక్టోబరులో ఏడు దాటితే గానీ సూర్యుడు రాడు కాబట్టి మరీ కష్టపడి లేవక్కర్లేదు. పెళ్లి ఫొటోలు దిగే జంటలు తప్ప ఎవరూ లేరు. ఈ వంతెన శంకుస్థాపనకి నాలుగో చార్లెస్ రాజు జ్యోతిష్కుల చేత ముహూర్తం పెట్టించాడని చెప్పుకుంటారు. 1357, తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలు. వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. మా అత్తగారికి ఫోన్‌లో చెప్తే, ‘అందుకే ఇన్నాళ్లు నిలబడింది’ అన్నారు వెంటనే. వంతెన మీద నెపొముక్ అనే సెయింట్ విగ్రహం ఉంది. దాని కింద, ఆయన్ని నదిలోకి తోస్తున్న దృశ్యం చెక్కిన కంచు ఫలకం జనం చేతులు తగిలి తగిలి బంగారంలా మెరుస్తోంది. ముట్టుకుంటే మళ్లీ ప్రాగ్‌కి వస్తారట. పక్క ఫలకం మీద కుక్క బొమ్మకీ అదే మెరుపు. దాన్నీ జనం వదల్లేదు.

తొమ్మిదయ్యేసరికి అడుగు తీసి అడుగు వేయలేనంత రద్దీ. మేం అప్పటికే గదికి వచ్చేశాం.

సాయంత్రం రైలు జర్మనీలోకి వచ్చాక పోలీసులు ఎక్కారు. 2023 అక్టోబరు నుంచి చెక్ సరిహద్దులో ఈ తనిఖీలు పెట్టారు. అన్నీ సరిగ్గా ఉన్నా టెన్షన్ మాత్రం టెన్షనే. మా పాస్‌పోర్టులు, కార్డులు తిప్పి చూసి ఇచ్చేశారు. ఎదురు సీట్లో మనవైపు కుర్రాడు ఫోన్‌లో కార్డు ఫొటో చూపించాడు. కుదరదన్నారు. పేరు, పుట్టిన తేదీ రాసుకుని వాళ్ల పరికరంలో ఏదో వెతికారు, ఎవరికో ఫోన్ చేశారు. డ్రెస్డెన్ వచ్చే ముందు ఈసారికి వదిలేస్తున్నామని గట్టిగా చెప్పి వెళ్లారు. ఆ పిల్లాడికి చెమటలు పట్టేశాయి. బ్యాగులో మిగిలిన కాస్త పులిహోర వాడికి పెట్టాను, వద్దనకుండా తిన్నాడు.