మైక్ బాగానే ఉందండీ!

నిన్న రాత్రి హామ్ రేడియోలో నా కాల్ సైన్, అంటే గాలిలో నన్ను గుర్తుపట్టే పేరు, మొదలు నుంచి చివరిదాకా తప్పు లేకుండా చెప్పాను. నలభై ఎనిమిదేళ్ల మనిషి ఐదక్షరాలు, ఒక అంకె వరసగా పలికినందుకు ఇంత రాయాలా అనిపించొచ్చు. పోయిన ఆదివారం ఏం జరిగిందో వింటే ఆ మాట అనరు.

మాది మల్కాజిగిరి. యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేసే షాపు ఉంది, ఇరవై రెండేళ్లుగా అదే పని. ఈ హామ్ రేడియో పిచ్చి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకోవడం, మొదట నాది కాదు, మా అమ్మాయిది. ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఎవరో చెప్తే వచ్చి, "నాన్నా, సర్క్యూట్లన్నీ నీకొచ్చినవే కదా, ఇద్దరం పరీక్ష రాద్దాం" అంది. పన్నెండేళ్లు నిండితే చాలు, ఎవరైనా రాయొచ్చు. లైసెన్సుల్లో కింది మెట్టు రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి చుక్కలు, గీతల మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కే నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో వినాలి, పంపాలి. పేపర్లో రెండు భాగాలుంటాయి, ఒకటి రేడియో థియరీ, రెండోది నిబంధనలు. ఒక్కోదాంట్లో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. ఇంతేనా అనుకున్నా.

థియరీ నేను చదవలేదు. చదవాల్సిన అవసరం లేదు కూడా, ఓమ్స్ లా మీద బతుకుతున్నవాణ్ణి. నిబంధనల పుస్తకం కూడా చదవలేదు, అదే తప్పు. "స్టేషన్ గుర్తింపు ఎప్పుడు చెప్పాలి" అన్నట్టు ఒక ప్రశ్న వస్తే, అవతలివాళ్లు అడిగినప్పుడు అని టిక్ పెట్టి వచ్చాను. నా బుర్రకి అదే న్యాయంగా తోచింది, ఫోన్లో ఎవరండీ అంటేనే కదా పేరు చెప్తాం. థియరీలో దుమ్ము దులిపాను, రెండో భాగంలో తప్పాను. మా అమ్మాయి పాసైంది. మా ముందు బెంచీలో కూర్చున్న ఏడో తరగతి పిల్లాడు కూడా పాసయ్యాడు, వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి "మీకెంతొచ్చాయి సార్" అని అడిగాడు. ఆ మనిషికి వేరే పనేం లేనట్టుంది.

మళ్లీ రాశాను, పాసయ్యాను. సర్టిఫికెట్ వచ్చాక టెలికాం శాఖ వాళ్ల సరళ్ సంచార్ పోర్టల్లో లైసెన్సుకి దరఖాస్తు పెట్టాలి, అక్కడ ఫొటో సైజు దగ్గర కాసేపు విసిగిస్తుంది, అంతకు మించి ఏం లేదు. నేను ఇరవై ఏళ్లకని వెయ్యి రూపాయలు కట్టాను. జీవితకాలానికైతే రెండు వేలు, ఇప్పుడు ఆలోచిస్తే అదే కట్టాల్సింది. ఆ తర్వాత ఎదురుచూపులు, ఓ రోజు మెయిల్‌లో కాల్ సైన్ వచ్చింది.

నా కాల్ సైన్ పూర్తిగా ఇక్కడ రాయను, దాన్ని ఇంటర్నెట్‌లో కొడితే ఇంటి అడ్రసు దాకా దొరుకుతుంది. వీయూ3, ఆ తర్వాత మూడక్షరాలు. అందులో ఒక ఎం, ఒక బీ, ఒక పీ ఉన్నాయి, ఏ వరసలో అనేది మీకనవసరం. వీయూ అంటే ఇండియా అని తెలుస్తుంది. అంతర్జాతీయ టెలికాం సంఘం మన దేశానికి వీటీఏ నుంచి వీడబ్ల్యూజడ్ దాకా, ఏటీఏ నుంచి ఏడబ్ల్యూజడ్ దాకా, 8టీఏ నుంచి 8వైజడ్ దాకా కేటాయించింది. శంషాబాద్‌లో మన విమానాల తోక దగ్గర కనిపించే వీటీ కూడా ఈ వరసలోదే. ఇక అంకె సంగతి, జనరల్ వాళ్లకి 2, మాలాంటి రిస్ట్రిక్టెడ్ వాళ్లకి 3. అండమాన్ అయితే 4, లక్షద్వీప్ అయితే 7. రాజ్‌భవన్ రోడ్డులో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్ల బృందం 2004 డిసెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ వెళ్లి వీయూ4ఆర్‌బీఐ అనే కాల్ సైన్‌తో ప్రపంచంతో మాట్లాడుతుండగానే 26న సునామీ వచ్చింది. దాంతో సరదాకి పెట్టిన స్టేషన్ కాస్తా సహాయానికి, సమాచారానికి ఆధారమైంది. దానికి నాయకత్వం వహించింది భారతీ ప్రసాద్ అనే ఆమె. మా అమ్మాయికి ఆవిడంటే ప్రాణం.

ఇప్పుడు ఆదివారం సంగతి.

సాయంత్రం మిద్దె మీద కుర్చీ వేసుకుని, కొత్త హ్యాండ్ సెట్ పట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి సెట్లో ఇన్నాళ్లూ వినడమే తప్ప బటన్ నొక్కింది లేదు, లైసెన్సు లేకుండా నొక్కడం నేరం. రెండు మీటర్ల బ్యాండ్, అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. ఊళ్లో ఉన్న రిపీటర్ మీద, అంటే మన మాట అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్ మీద, ఆ టైముకి నెట్ నడుస్తుంది. నెట్ అంటే ఇంటర్నెట్ కాదు, ఒక పెద్దాయన కంట్రోలర్‌గా కూర్చుంటాడు, అందరూ వరసగా కాల్ సైన్ చెప్పి చెక్-ఇన్ అవుతారు, క్లాసులో హాజరు పిలిచినట్టే. నెట్ మొదలవడానికి ఇంకా టైముంది. సెట్ పనిచేస్తోందో లేదో చూద్దామని బటన్ ఒకసారి నొక్కి వదిలాను. రిపీటర్ "టక్, కుష్" అంది. బాగుందే అని ఇంకోసారి, ఆ పైన మూడోసారి. రిపేర్ చేసేవాడి చెయ్యి కదా, ఊరికే ఉండదు.

"ఆ నొక్కుతున్న స్టేషన్ ఎవరో కాల్ సైన్ చెప్పాలి" అని స్పీకర్లోంచి గొంతు వచ్చింది. బొంగురు గొంతు, చాక్ పీస్ విసిరే లెక్కల మాస్టారి గొంతు.

నాకు చెమటలు పట్టాయి. ఇరవై రెండేళ్లు షాపు నడిపిన మనిషిని, బ్యాంకు మేనేజర్లతో వాదించిన మనిషిని, ఒక చిన్న బటన్ నొక్కి మాట్లాడ్డానికి నోరు ఎండిపోయింది. నొక్కీ నొక్కగానే మొదలుపెట్టేశాను. రిపీటర్ తెరుచుకోడానికి క్షణమైనా పడుతుంది, అంతలో వీయూ కాస్తా మింగేసింది, వాళ్లకి వినపడింది "త్రీ" నుంచే. మిగతాది నాకు అలవాటైన పద్ధతిలో చెప్పాను. కస్టమర్‌కి బిల్లు నంబరు చెప్పేటప్పుడు, రైల్వే ఎంక్వైరీలో పేరు చెప్పేటప్పుడు ఎలా చెప్తామో అలాగే, ఎం ఫర్ మద్రాస్, బీ ఫర్ బాంబే, పీ ఫర్ పటాన్‌చెరు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"మైక్" అన్నాడు పెద్దాయన.

సెట్ చూసుకున్నాను. మైక్ రంధ్రం మీద ప్లాస్టిక్ కవర్ ఏమైనా అంటుకుందా అని గోటితో గీకాను. మళ్లీ బటన్ నొక్కి, "సార్, వినపడుతోందా" అన్నాను.

"మైక్! మైక్!"

"మైక్ బాగానే ఉందండీ, కొత్త సెట్టు, మొన్ననే కొన్నా" అన్నాను.

ఆయన ఇంకోసారి "మైక్ అనండి" అన్నాడు, నేను "మైక్ దగ్గరగా పెట్టుకునే మాట్లాడుతున్నా సార్" అన్నాను. జేబులో చిన్న స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉంటుంది, తీశాను కూడా. వెనక స్క్రూ ఒకటి విప్పేసరికి మెట్ల దగ్గర్నుంచి నవ్వు వినపడింది. మా అమ్మాయి గోడ పట్టుకుని కూర్చుంది, నవ్వలేక కళ్లలో నీళ్లు. "నాన్నా, ఎం అంటే మద్రాస్ కాదు, మైక్ అనాలి! బ్రావో, మైక్, పాపా! సెట్ విప్పకు!"

పరీక్షకి చదివేటప్పుడు ఆల్ఫా, బ్రావో, చార్లీ చూశాను, తెలియక కాదు. నోటికి రాలేదంతే. 1956 నుంచి ప్రపంచమంతా విమానాలవాళ్లు, ఆ తర్వాత ఓడలవాళ్లు, రేడియోవాళ్లు కూడా అవే మాటలు వాడుతున్నారు, ఎందుకంటే మద్రాస్ అంటే బ్రెజిల్‌లో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది, గరగర మధ్యలో బీ, పీ, డీ, టీ అన్నీ ఒకేలా వినిపిస్తాయి. కొట్టులో ఎలాగైనా చెప్పుకోవచ్చు, గాలిలో కుదరదు.

ఇక్కడితో అయిపోయిందా అంటే కాలేదు. నెట్ మొదలైంది, నా వంతు వచ్చింది, ఈసారి అన్నీ సరిగ్గా చెప్పాలని కాగితం మీద రాసుకున్నాను. పిలిచేవాళ్ల కాల్ సైన్ ముందు, తర్వాత "దిస్ ఈజ్", ఆ తర్వాత మనది. ఎవరిని పిలుస్తున్నామో వాళ్లు ముందు, పిలిచేవాడు వెనక. కాగితం మీద సరిగ్గానే ఉంది. టెన్షన్లో నాది ముందు చదివేసి, దిస్ ఈజ్ అని పెద్దాయన కాల్ సైన్ చెప్పాను.

"మీరు నేనైతే మరి నేనెవర్నండీ?" అన్నాడాయన.

నెట్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టలేదు, బటన్ వదిలినప్పుడల్లా ఒక్కొక్కడి నవ్వు ముక్కముక్కలుగా వినపడింది. పెద్దాయన ఆగలేదు, వేరొకరి కాల్ సైన్ చెప్పుకోవడం నేరమని, లైసెన్సు రద్దు చేయించొచ్చని, ఈ కాలంలో పరీక్షలు మరీ తేలికైపోయాయని, మా రోజుల్లో మోర్స్ లేకుండా గడప తొక్కనిచ్చేవాళ్లు కాదని అందుకున్నాడు. ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఆయన తన కాల్ సైన్ మాత్రం ఒక్కసారే చెప్పాడు, అదీ చివర్లో. నిబంధన చూస్తే మొదట్లోనూ చెప్పాలి, చివర్లోనూ చెప్పాలి, మధ్యమధ్యలోనూ చెప్తుండాలి. అంతర్జాతీయ నిబంధన అయితే తక్కువ వ్యవధుల్లో చెప్తుండాలంటుంది, అమెరికాలో పది నిమిషాలకోసారి, సంభాషణ చివర్లో ఇంకోసారి అని లెక్క కట్టి పెట్టారు. ఒకసారి ఫెయిలై రెండోసారి చదివినవాణ్ణి, ఇప్పుడు ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. అక్కడే ఆయన్ని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన సీనియర్, నేను స్క్రూ విప్పిన సెట్ చేత్తో పట్టుకుని ఉన్నాను.

ఆయన అయ్యాక ఘట్‌కేసర్ వైపు నుంచి ఇంకొకాయన, "వెల్‌కమ్ ఓఎం, ఫైవ్ నైన్, బాగా వినపడుతున్నారు" అన్నాడు. ఓఎం అంటే ఏదో దేవుడి పేరు అనుకున్నా, తర్వాత తెలిసింది ఓల్డ్ మ్యాన్ అట, హామ్‌లు ఒకరినొకరు అలా పిలుచుకుంటారు, పాతికేళ్లవాణ్ణి కూడా. ఆయన నోటి వెంట ఆ రెండు ముక్కలు రాకపోతే సెట్ ఆ రాత్రే అమ్మకానికి పెట్టేవాణ్ణి.

కోపం తగ్గాక ఆలోచిస్తే పెద్దాయన మాట తీరు తప్పు కానీ విషయం తప్పు కాదు. మన ఊళ్లో చలానా తప్పించుకోడానికి బండి నంబరు ప్లేటు మడిచేవాళ్లు, వెనక కూర్చున్న పిల్లాడి చేత దానికి చెయ్యి అడ్డం పెట్టించేవాళ్లు ఎంతమంది ఉన్నారో తార్నాక సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. వాళ్లని నేనే తిట్టుకుంటాను. పేరు చెప్పకుండా బటన్ నొక్కడం కూడా అదే కదా. ప్రధానిగా ఉన్న రాజీవ్ గాంధీకి వీయూ2ఆర్‌జీ ఉండేది. అంతరిక్ష కేంద్రానికి కూడా కాల్ సైన్లున్నాయి, ఎన్‌ఏ1ఎస్‌ఎస్ అని, ఆర్‌ఎస్0ఐఎస్‌ఎస్ అని. పైన తిరిగేవాళ్లే చెప్పుకుంటుంటే మల్కాజిగిరి మిద్దె మీదున్నవాడికి మొహమాటమేంటి.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేవి కొన్నే. నిబంధనల పుస్తకం థియరీ కంటే ముందు చదవండి, ముఖ్యంగా మీరు ఎలక్ట్రానిక్స్‌లో మొనగాళ్లైతే. సెట్ పరీక్షించాలంటే ఉత్తినే నొక్కకండి, నొక్కి, ఒక సెకను ఆగి, కాల్ సైన్ చెప్పి, "టెస్టింగ్" అనండి, రెండు మాటలకి ఏం పోదు. బండిలోంచి మాట్లాడితే చివర్లో "స్ట్రోక్ మొబైల్" చేర్చండి. ఇంకొకటి, ఏం చేస్తుంటారని అడిగితే మీ వృత్తి చెప్పండి, అంతే. నేను "ఇన్వర్టర్ బ్యాటరీలు కూడా చూస్తాను, రేటు తక్కువే" అన్నాను, ఇద్దరు గట్టిగా దగ్గారు. హామ్ బ్యాండ్ల మీద వ్యాపారం మాటలు నిషిద్ధం.

ఆదివారం నుంచి మా అమ్మాయి నాకు ట్యూషన్. రోడ్డు మీద వెళ్తూ కనిపించిన ప్రతి నంబరు ప్లేటూ ఫొనెటిక్స్‌లో చదవాలి, టీజీ అంటే టాంగో గోల్ఫ్, ఏపీ అంటే ఆల్ఫా పాపా. షాపులో కుర్రాడు నాకేదో అయిందనుకుంటున్నాడు. సోల్డరింగ్ టేబుల్ మీద, బాత్రూమ్ అద్దం మీద, సెట్ వెనక నా కాల్ సైన్ మాటల్లో రాసి అంటించింది. ఇంట్లో మాత్రం ఒక చిక్కొచ్చింది. మా అమ్మాయిని ఇప్పటికీ ఇంట్లో అందరం పాప అనే పిలుస్తాం. నేను ప్రాక్టీసు చేస్తూ "పాపా" అనడం, అది వంటింట్లోంచో చదువుకునే గదిలోంచో "ఏంటి నాన్నా" అనడం, వాళ్లమ్మ విసుక్కోవడం, మూడు రోజులుగా ఇదే వరస.

నిన్న రాత్రి మళ్లీ మిద్దె ఎక్కాను. పెద్దాయనే కంట్రోలర్. చెక్-ఇన్‌లు అడిగాడు. నొక్కాను, ఒక సెకను ఆగాను, ముందు ఆయనది, దిస్ ఈజ్, తర్వాత నాది, విక్టర్ యూనిఫామ్ త్రీ నుంచి చివరిదాకా మెల్లగా, ఒక్కొక్కటీ.

ఆయన కాసేపు ఆగి, "రోజర్. మైక్ బాగానే ఉంది" అన్నాడు.

కింద మెట్ల మీంచి "పిలిచావా నాన్నా" అని వినపడింది.